వరహాలమ్మ నవ్వు: ముఖవిలువ రెండు యూరోలు

వెలోరా ద్వీప ప్రభుత్వం కడలి వరహాలమ్మ నవ్వును రెండు యూరోల స్మారక నాణెంగా ముద్రించింది కాబట్టి, ఆ నాణెం చెలామణిలోకి వచ్చిన రోజు నుంచి ఆమె సొంతంగా నవ్వడం దొంగనాణేల ముద్రణ కింద నేరమైంది. ఈ విషయంలో ఎవరికీ ఎలాంటి అనుమానమూ రాలేదు. యూరో తయారుచేసే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది గానీ చేపల మార్కెట్ పక్కన పెసరట్లు వేసుకునే మనిషికి ఉండదు కదా. అధికారులు ఆ మాటే చెప్పినప్పుడు వరహాలమ్మ కూడా న్యాయమేనని తలూపింది. తలూపుతుంటే ఆమెకు కాస్త నవ్వొచ్చింది. ఆపుకుంది.

వెలోరా మధ్యధరా సముద్రంలో ఒక చిన్న దేశం. సముద్రపు నీళ్లు ఎండగట్టి ఉప్పు చేయడం, ఆ ఉప్పును ఖండం మీది దేశాలకు అమ్మడం తప్ప అక్కడివాళ్లకు వేరే పని తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు. అలాంటిది ఒకానొక సంవత్సరం ఖండంలోని డాక్టర్లంతా కూడబలుక్కున్నట్టు రోగులను ఉప్పు తగ్గించమన్నారు. రోగులు తగ్గించారు. డాక్టర్లు చెప్పింది రోగులు వింటారని వెలోరా ప్రణాళికా శాఖ ఎన్నడూ ఊహించలేదు. రేవులో ఉప్పు బస్తాలు కొండలా పేరుకుపోయాయి. పర్యాటక శాఖ ఆ గుట్టను కొన్నాళ్లు మంచుకొండగా చూపించి టిక్కెట్లు అమ్మింది గానీ, ఒక వాన పడేసరికి ఆ రాబడీ కరిగిపోయింది.

దాంతో పొదుపు చర్యలు మొదలయ్యాయి. వీధి దీపాలను ఒకటి విడిచి ఒకటి వెలిగించారు. ట్రాఫిక్ సిగ్నళ్లలో పచ్చ దీపం అనవసర ఖర్చుగా తేలడంతో ఎర్రది మాత్రమే ఉంచారు. మంత్రివర్గమంతా ఒకే కారులో, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని ప్రయాణించింది. ఊరి గడియార స్తంభానికి నిమిషాల ముల్లు తీసి పాత ఇనుము కింద అమ్మేశారు. ఇవన్నీ చూసి జనం కూడా ఉన్నదాంట్లో పొదుపు చేయడం నేర్చుకున్నారు. ముందు కాఫీ మానేశారు, తర్వాత మాటలు తగ్గించారు. మార్కెట్లో బేరాలు తలాడింపులతోనే నడిచేవి. నవ్వమని గానీ నవ్వొద్దని గానీ ప్రభుత్వం చెప్పలేదు. జనమే అది మానేశారు.

వరహాలమ్మ, ఆమె భర్త ఏడుకొండలు అమలాపురం దగ్గరి పల్లె నుంచి ఉప్పు బస్తాలు కట్టే పనికి ఆ దేశం వచ్చారు. ఆ పని పోయాక ఒక తోపుడుబండి సంపాదించి చేపల మార్కెట్ పక్కన పెసరట్లు వేయడం మొదలుపెట్టారు. అట్టు వేసేది వరహాలమ్మ. మాట్లాడేది ఏడుకొండలు. పొదుపు చర్యలు ఆయన నోటికి వర్తించలేదు. ద్వీపభాష ఆయనకు సగమే వచ్చు. ఆ సగంతోనే రెండింతలు మాట్లాడేవాడు. ఆ భాషలో ‘తాజా’ అనే మాటకూ ‘పెళ్లి’ అనే మాటకూ ఒక్క అక్షరమే తేడా. ఒక మంగళవారం పొద్దున ఆయన ఒక పెద్ద చేపను తోక పట్టి పైకెత్తి, అది తాజాదేనా అని అడగబోయి, అమ్మే ఆవిడను ఎంతో మర్యాదగా అడిగాడు:

“ఈ చేపకి పెళ్లయిందా?”

మాటలు పొదుపుగా వాడుకునే ఆ చేపలావిడ ముఖం కూడా ఎత్తకుండా, “నిన్న పొద్దున” అంది.

వరహాలమ్మ నవ్వింది. ఆమె నవ్వు బకెట్లో గులకరాళ్లు పోసినట్టు మొదలై, మధ్యలో ఊపిరందక గొంతు సన్నబడి, చివర ఒక ఎక్కిలితో ముగిసేది. చేపలావిడ కాసేపు చూసి తనూ నవ్వింది. పక్క బల్లవాడు నవ్వాడు. ఎందుకో తెలియకుండానే మార్కెట్ మొత్తం నవ్వింది. నవ్వినవాళ్లకు ఆకలేసింది. ఆ రోజు మార్కెట్లో చేప ముల్లు కూడా మిగల్లేదు. ఏడుకొండలు అడిగిన పెళ్లయిన చేపను కూడా ఇంకెవరో కొనుక్కుపోయారు.

దేశ గణాంకాల కార్యాలయంలో ఆర్థిక పరిస్థితిని చూపే గీత ఒకటి గోడ మీద ఉండేది. అది ఎప్పుడూ కిందికే దిగేది కాబట్టి, కాగితం చాలక నేల మీదికి వచ్చి తలుపు వైపు పాకుతోంది. ఆ మంగళవారం దగ్గర మాత్రం అది ఆవగింజంత పైకి లేచింది. ముందు ఈగ అనుకున్నారు. గుడ్డతో తుడిచినా పోలేదు. విచారణ జరిపారు. దేశమంతా వెతికి, రేవు దాకా వచ్చి, మార్కెట్లో వాంగ్మూలాలు తీసుకుని, చివరికి ఆ వృద్ధికి కారణం పెసరట్ల బండి వద్ద ఒక స్త్రీ నవ్వడమేనని తేల్చారు.

ఈ నివేదిక టంకశాలకు సరైన సమయంలో అందింది. యూరో వాడే దేశాలకు ఏడాదికి రెండు స్మారక నాణేలు వేసుకునే హక్కు ఉంది. వెలోరా ఆ ఏడాది మొదటిదాన్ని ఉప్పు స్మృత్యర్థం వేసేసింది. రెండోదానికి ఏమీ దొరకలేదు. స్మారక నాణెం వేయాలంటే స్మరించుకోదగ్గది ఏదో ఒకటి జరగాలి. ఏమీ జరగకపోవడాన్నే స్మరించుకుందామని ఒక ఉపకార్యదర్శి సూచించాడు గానీ, కిందటేడు వేసింది అదే. టంకశాల సంచాలకురాలు ఎమిలియానా కర్దోనె నివేదిక చదివి, కళ్లజోడు తుడుచుకుని, వరహాలమ్మను పిలిపించమంది.

నవ్వును అచ్చులోకి తీయడం ముఖాన్ని అచ్చులోకి తీయడం కన్నా సులువు. లోహాన్ని కాచి, మెత్తగా ఉన్నప్పుడు దాని ముందు నవ్వితే చాలు. కానీ ఉతికిన చీర కట్టుకుని, అంతమంది అధికారుల ఎదుట కుర్చీలో కూర్చున్న వరహాలమ్మకు నవ్వు రాలేదు. ఉపకార్యదర్శి రెండు జోకులు చెప్పాడు. ఆర్థిక మంత్రి తన బడ్జెట్ ప్రసంగం చదివి వినిపించాడు. కాచిన లోహం రెండుసార్లు చల్లారింది. వరహాలమ్మకు భయమేసి కళ్లనీళ్లు తిరిగాయి.

“నా వల్ల కాదండీ. నన్నొగ్గేయండి బాబూ, పిండి పులిసిపోద్ది” అంది.

అప్పుడు మూలన నిలబడ్డ ఏడుకొండలు గొంతు సవరించుకున్నాడు. “వరాలూ, మా అత్త, అదే మీ అమ్మ, బతికుంటే ఇయ్యాల ఏమనేదో తెలుసా? ‘ఆడపిల్లకి ఆ ఇకిలింపులేంటే అని చీపురిరిగేలా కొట్టాను. ఇప్పుడు సర్కారోళ్లు కుర్చీలేసుకుని మరీ ఇకిలించమంటన్నారా!’ అని, కొత్త చీపురొకటి కొని ఈ టంకశాల అమ్మగారి చేతికిచ్చి, ‘ఇకమీదట మీరే కొట్టుకోండమ్మా’ అనేది.”

వరహాలమ్మకు కొత్త చీపురు పట్టుకున్న సంచాలకురాలు కళ్ల ముందు మెదిలింది. గులకరాళ్లు బకెట్లో పడ్డాయి. మెత్తటి లోహం వణికింది. చివరి ఎక్కిలి దగ్గర అచ్చు టక్కుమని మూసుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మంత్రి తన ప్రసంగం వల్లే నవ్విందని ఒప్పుకున్నాడు.

తర్వాత ఎమిలియానా ఆమెకు కాఫీ ఇచ్చి, నిబంధనలు ఓపికగా వివరించింది. “మీ గొంతు మీదే. మీ పళ్లు మీవే. నవ్వు మాత్రం ఇకనుంచి ప్రభుత్వానిది. అనుమతి లేకుండా విడుదలయ్యే ప్రతి నవ్వూ చెలామణిలో ఉన్న నాణేల విలువను తగ్గిస్తుంది.”

“మరి నాకు నవ్వొత్తేనండీ?”

“వాయిదా వేసుకోండి.”

“ఎప్పటిదాకండీ?”

“నాణెం రద్దయ్యేదాకా. యూరో నాణేలు సాధారణంగా రద్దు కావు” అంది ఎమిలియానా. ఆమెది చెడ్డ మనసు కాదు. వెళ్తూ వెళ్తూ వరహాలమ్మ భుజం మీద చెయ్యి వేసి, దేశం తరఫున కృతజ్ఞతలు చెప్పింది.

నాణెం విడుదలైన రోజు వెలోరాలో పండగ లాగే ఉంది. ఒకవైపు వెనక్కి వాలిన వరహాలమ్మ తల, చుట్టూ పన్నెండు నక్షత్రాలు. దాన్ని దేని మీద పెట్టినా నవ్వేది. ఒక్కసారి పెడితే ఒక్క నవ్వు, ఎక్కిలితో సహా. జనం మొదట దాచుకున్నారు. దాచుకుంటే నవ్వదని తెలిశాక ఖర్చు పెట్టడం మొదలుపెట్టారు. రొట్టెల దుకాణంలో బల్ల మీద నాణెం పెడితే నవ్వు, చిల్లర ఇస్తే ఇంకో నవ్వు. అవసరం లేకపోయినా జుట్టు కత్తిరించుకున్నారు. గుండ్లు చేయించుకున్నవాళ్లు కూడా మళ్లీ వెళ్లారు. చర్చిలో చందా పళ్లెం ఒక వరుస నుంచి ఇంకో వరుసకు నవ్వుతూ నడిచేది. పాదిరీ ప్రసంగం మధ్యలో ఆపి, తనూ నవ్వి, దేవుడు క్షమిస్తాడని చెప్పేవాడు. పడవ టిక్కెట్ల యంత్రం రోజంతా కడుపులో నవ్వుకుంటూ ఉండేది. భర్త పోయిన దగ్గర్నుంచి గది దాటని ఒక ముసలావిడ, వీధిలో ఎవరి చేతిలోంచో జారిన నాణెం రాళ్ల మీద దొర్లుతూ గడపగడపకూ నవ్వుతుంటే విని, శాలువా కప్పుకుని ద్రాక్షపళ్లు కొనడానికి బయల్దేరింది.

యూరో ఏ దేశంలో వేసినా అన్ని యూరో దేశాల్లోనూ చెల్లుతుంది. ఆ విధంగా వరహాలమ్మ నవ్వు సముద్రం దాటిపోయింది. అది విన్నవాళ్లు అసలు దేశం చూద్దామని పడవలెక్కి వచ్చారు. గణాంకాల కార్యాలయంలో గీత నేల మీంచి లేచి, గోడెక్కి, కిటికీలోంచి బయటికి పోయింది. పచ్చ దీపాలు తిరిగొచ్చాయి. మంత్రులు ఎవరి సీట్లలో వాళ్లు కూర్చున్నారు, కొన్నాళ్లు అలవాటు తప్పి ఇబ్బంది పడ్డారు.

పెసరట్ల బండికి కూడా గిరాకీ పెరిగింది. బండి పక్కన ప్రభుత్వం ఒక నవ్వు పర్యవేక్షణాధికారిని నియమించింది. ఆయన పేరు బెర్త్రామో. సన్నగా, మృదువుగా మాట్లాడే నడివయసు మనిషి. వరహాలమ్మ నవ్వకుండా చూడటం ఆయన ఉద్యోగం. పొద్దున్నే వచ్చి, ఆమెకు నమస్కారం పెట్టి, స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఊరికే కూర్చోవడం తప్పనిపించి, అప్పుడప్పుడు ఉల్లిపాయలు తరిగి పెట్టేవాడు.

వరహాలమ్మ నోట్లో తువ్వాలు కుక్కుకోవడం అలవాటు చేసుకుంది. ఏడుకొండలు మాట్లాడటం మొదలుపెడితే చాలు, తువ్వాలు అందుకునేది. కొన్నాళ్లు చూశాడాయన. ఒకరోజు ఊపిరాడక ఆమె ముఖం కందిపోతే, నీళ్లు తాగించి, వెన్ను రాసి, ఆ తర్వాత నుంచి మాట్లాడటం మానేశాడు. పెసలు తెమ్మంటే తెచ్చేవాడు. గ్యాసు అయిపోతే “అయిపోయింది” అనేవాడు. అంతే. ఇంట్లో పళ్లేల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు.

“ఏవండీ, ఏదోటి మాట్లాడండి” అని బతిమాలింది వరహాలమ్మ. “నేను ఎలాగోలా బిగబట్టుకుంటాను.”

“నువ్వు నవ్వకపోతే నేనెందుకు మాట్లాడాలే?” అన్నాడు ఏడుకొండలు. “ఖాళీ హాల్లో సినిమా ఆడించినట్టుంటది.”

ఊళ్లో దుకాణాలన్నీ నవ్వుతుంటే ఆ బండి వెనక ఇద్దరూ మాత్రం నిశ్శబ్దంగా ఉండటం బెర్త్రామోకు కూడా బాధ కలిగించింది. వాళ్లిద్దరినీ కాస్త సంతోషపెడదామని ఆయన ఇంటి దగ్గర కూర్చుని నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకున్నాడు. ఒక పొద్దున, బండి ముందు పర్యాటకులు వరుసగా నిలబడి ఉండగా, ఖాళీ పళ్లెం చాచి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నాడు:

“అమ్మా, కొంచెం అల్లుడు పచ్చడి.”

వరహాలమ్మ తువ్వాలు కోసం చెయ్యి చాచింది. అందలేదు. ఇన్నాళ్లూ వాయిదా పడ్డ నవ్వులన్నీ ఒక్కసారే వచ్చాయి. అట్లకాడ కింద పడింది, పెనం మీద అట్టు మాడింది, ఆమె బండి గొడుగు కర్ర పట్టుకుని వంగిపోయి నవ్వింది. ఏడుకొండలు నోరు ఆపుకోలేకపోయాడు. “అల్లుణ్ణి రుబ్బేత్తే కూతురేమైపోద్దయ్యా!” అన్నాడు, అదీ తెలుగులోనే. దాంతో ఆమె నేల మీద కూర్చుండిపోయింది. బెర్త్రామో కూడా, తనేమన్నాడో తనకే తెలియకపోయినా, నవ్వాడు. నవ్వుతూనే లేచి, ఉద్యోగధర్మం ప్రకారం ఆమెను అరెస్టు చేశాడు.

ఆ ఉదయం రేవులో అంతమంది నవ్వు ఉచితంగా విన్నందువల్ల మధ్యాహ్నం దాకా ఎవరూ నాణెం బయటికి తీయలేదు. వ్యాపారులు ఫిర్యాదు చేశారు. కేసు ఆర్థిక నేరాల న్యాయస్థానానికి వెళ్లింది. నేరం రుజువైతే దేశం విడిచిపోవాలి. ఏడుకొండలు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

అసలు నవ్వును, నాణెం నవ్వును పోల్చి చూడాలని టంకశాల నిపుణుడు కోరాడు. విచారణ అవసరాలకు మాత్రమే చెల్లేలా ఒక్క నవ్వుకు అనుమతి ఇచ్చారు. కానీ బోనులో వరహాలమ్మకు నవ్వు రాలేదు. భర్త వాంగ్మూలం తీసుకుందామని న్యాయమూర్తి అన్నాడు. ఏడుకొండలు లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నా భార్య అమాయకురాలు అని ద్వీపభాషలో చెప్పబోయాడు.

“అయ్యా, నా భార్య ఉడికిపోయింది” అన్నాడు. “లోపల కూడా.”

న్యాయమూర్తి ఆ మాటను గుమాస్తాతో ఉన్నదున్నట్టు రాయించాడు. వరహాలమ్మ నవ్వింది. ఆ వెంటనే నిపుణుడు నాణెం తీసి బల్ల మీద పెట్టాడు. అదీ నవ్వింది. కోర్టు హాలంతా రెండూ విన్నది. నిపుణుడు ఇంకోసారి నాణెం పెట్టి విని, రాసుకుని, లేచి తన అభిప్రాయం చెప్పాడు.

“నాణెం నవ్వు మొదటి నుంచి చివరి దాకా ఒకే ధారగా ఉంది. ముద్దాయి నవ్వు మధ్యలో ఒకసారి ఆగి, ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూసి, తర్వాత ముందుకు సాగుతోంది. ఎక్కిలిని మింగేస్తోంది. ఇది చాలా నాసిరకం అనుకరణ. దీన్ని వరహాలమ్మ నవ్వు అనుకుని ఏ పౌరుడూ మోసపోయే అవకాశం లేదు.”

మోసం లేదు కాబట్టి నేరమూ లేదని న్యాయమూర్తి కేసు కొట్టేశాడు. వరహాలమ్మ ఇకమీదట ఎంతైనా నవ్వుకోవచ్చని, కాకపోతే ఈ తేడాను జాగ్రత్తగా కాపాడుకోవాలని సూచించాడు. హాలు చప్పట్లతో మారుమోగింది. బెర్త్రామో అందరికన్నా ముందు వచ్చి ఆమె చేతులు పట్టుకున్నాడు. ఎమిలియానా ఆమె బుగ్గ మీద ముద్దు కూడా పెట్టింది. ఉద్యోగం పోయిన బెర్త్రామోను ఏడుకొండలు అక్కడికక్కడే ఉల్లిపాయలు తరిగే పనికి తీసుకున్నాడు.

మరుసటి రోజు నుంచి బండి దగ్గర మళ్లీ సందడి మొదలైంది. ఏడుకొండలు ఇన్నాళ్ల బాకీ కలిపి మాట్లాడాడు. చేపలను వాటి పిల్లల గురించి అడిగాడు. వరహాలమ్మ తువ్వాలును మసిగుడ్డ చేసేసింది. నవ్వొచ్చినప్పుడల్లా నవ్వింది. పర్యాటకులు విని, బాగుందని మెచ్చుకుని, నాణెంలో ఇంకాస్త సహజంగా ఉందని ఆమెకే మర్యాదగా చెప్పి వెళ్లేవారు. ఆమె కూడా అవునండీ అనేది. నిజంగానే అలా ఉందని ఆమెకూ అనిపించేది.

ఒక సాయంత్రం బండి కడిగేసి, ఇద్దరూ రేవు గట్టు మీద కూర్చున్నారు. ఎండ తగ్గి గాలి చల్లగా ఉంది. ఏడుకొండలు పొద్దున తను బ్యాంకు మేనేజరును ‘గౌరవనీయులైన గాడిద’ అని పిలిచిన సంగతి నటించి చూపించాడు. వరహాలమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని చూస్తే, ఆయన ఇంకా ఎదురుచూస్తున్నట్టు కూర్చుని ఉన్నాడు. కాసేపు తటపటాయించి, చొక్కా జేబులోంచి రెండు యూరోల నాణెం తీసి గట్టు మీద పెట్టాడు. నాణెం నవ్వింది. అప్పుడు ఆయన కూడా తృప్తిగా నవ్వాడు.

“నాది బాగోలేదేంటండీ?” అంది వరహాలమ్మ.

“బాగుందే. బాగోకపోవడమేంటి?” అన్నాడు ఏడుకొండలు కంగారుగా. “కానీ ఇన్నాళ్లూ మనిద్దరం మాట్లాడుకోలేదు కదా. నీకు తెలీకుండా రోజూ దీన్నే పెట్టుకుని ఇంటన్నాను. అలవాటైపోయింది.”

ఆమె ఆలోచించింది. తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. ఆయన దగ్గరికి జరిగి కూర్చుని, “ఇంకోసారి పెట్టండి, ఇద్దరం ఇందాం” అంది. ఆయన పెట్టాడు. నాణెంతో పాటే ఆమె కూడా నవ్వింది, దాని గొంతు స్పష్టంగా వినపడేలా కాస్త చిన్నగా.